11,618 తీగలు, ఒక్క పిన్ను: ఫోర్త్ రోడ్ బ్రిడ్జి కథ

(సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు, ఊళ్ళో ఆసక్తి ఉన్న పెద్దలు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది, మాట తీరు పెద్దగా మార్చలేదు.)

ఫ్యాన్ సౌండ్ ఎక్కువగా ఉంది, ముందు వరుస పైన ఉన్నది ఆపేస్తే వెనక వాళ్ళకి కూడా వినపడుతుంది. ఆఁ, చాలు.

ఇవాళ చెప్పబోయేది స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో పక్కన ఉన్న ఫోర్త్ రోడ్ బ్రిడ్జి గురించి. సస్పెన్షన్ బ్రిడ్జి అనగానే అందరూ గోల్డెన్ గేట్ అంటారు, ఎర్ర రంగు, పొగమంచు, సెల్ఫీలు, అదంతా మీకు తెలిసిందే, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఈ ఫోర్త్ బ్రిడ్జి ఎందుకు తీసుకున్నానంటే దీని లోపల ఏం పాడైందో, ఎలా కనిపెట్టారో, ఏం చేశారో, ఏం చేయలేకపోయారో అంతా బయటపెట్టారు, దాచలేదు. ఇంజనీర్‌కి అంతకంటే ఏం కావాలి.

ముందు ఒక చిన్న విషయం. హైదరాబాద్ దుర్గం చెరువు మీద ఉన్నది చూసి చాలామంది హ్యాంగింగ్ బ్రిడ్జి అనేస్తారు. అది సస్పెన్షన్ బ్రిడ్జి కాదండీ. అక్కడ టవర్ దగ్గర్నుంచి కేబుళ్ళు ఏటవాలుగా నేరుగా వచ్చి డెక్‌ని, అంటే రోడ్డు ఉండే పలకని, పట్టుకుంటాయి, దాన్ని కేబుల్ స్టేడ్ రకం అంటారు. సస్పెన్షన్‌లో అలా కాదు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి టవర్ల మీదుగా రెండు పెద్ద కేబుళ్ళు వేస్తారు, వాటికి కిందకి నిలువుగా హ్యాంగర్లు కడతారు, ఆ హ్యాంగర్లకి రోడ్డు వేలాడుతుంది. మన ములుగు దగ్గర లక్నవరం చెరువులో జనం నడిచే వంతెన ఉంది చూశారా, అది ఈ జాతిది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ఇది ఇప్పుడు ఎందుకు చెప్పానో చివర్లో తెలుస్తుంది, కేబుల్ స్టేడ్‌లో ఒక కేబుల్ పాడైతే అదొక్కటే తీసి కొత్తది పెట్టొచ్చు, సస్పెన్షన్‌లో ఆ రెండు మెయిన్ కేబుళ్ళలో ఏది పాడైనా మొత్తం బ్రిడ్జి బరువు దాని మీదే ఉంది, తీస్తే ఏముంది ఇంక.

సరే ఆ ఊరి సంగతి. ఫోర్త్ అనే నది సముద్రంలో కలిసే చోట బాగా వెడల్పైపోతుంది. దక్షిణాన ఎడిన్‌బరో, ఉత్తరాన ఫైఫ్. మధ్యలో నీళ్ళు. 11వ శతాబ్దంలో మార్గరెట్ అనే రాణి యాత్రికుల కోసం అక్కడ పడవలు నడిపించిందని చెప్తారు, అందుకే ఆ ఊరి పేరు క్వీన్స్‌ఫెర్రీ. ఆ రేవు 1964 దాకా నడిచింది, ఎనిమిది వందల ఏళ్ళ పైచిలుకు. మన గోదావరి మీద కూడా బ్రిడ్జిలు రాకముందు లాంచీలూ పడవలే కదా, కొవ్వూరు వాళ్ళని అడగండి.

ఇక్కడ చాలామందికి తెలియని ముచ్చట ఒకటుంది. ఈ నీళ్ళ మీద సస్పెన్షన్ బ్రిడ్జి కట్టాలన్న ఆలోచన 1960లది కాదు, 1870లదే. అదీ రైలు కోసం! థామస్ బౌచ్ అనే ఇంజనీర్ డిజైన్ ఇచ్చాడు, 1878లో శంకుస్థాపన కూడా అయిపోయింది. ఆయనే అంతకుముందు కొంచెం ఉత్తరాన టే నది మీద రైలు బ్రిడ్జి కట్టాడు, సర్ బిరుదు కూడా వచ్చింది. 1879 డిసెంబర్ 28, ఆదివారం సాయంత్రం, పెద్ద గాలివాన, రైలు వెళ్తుండగా ఆ టే బ్రిడ్జి మధ్యభాగం కూలిపోయింది, రైల్లో ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా బతకలేదు. విచారణ చేసినాయన తేల్చిందేమిటంటే డిజైన్ బాలేదు, కట్టడం బాలేదు, మెయింటెనెన్స్ బాలేదు, మూడూ. దాంతో బౌచ్ గారి ఫోర్త్ సస్పెన్షన్ బ్రిడ్జి అక్కడే ఆగిపోయింది, ఆయన మరుసటి ఏడు పోయాడు. ఆయన మొదలుపెట్టిన ఇటుక పియర్, అంటే బ్రిడ్జిని మోసే స్తంభం, దాని ముక్క ఒకటి ఇంచ్‌గార్వీ అనే చిన్న దీవి దగ్గర ఇప్పటికీ ఉంది, దాని మీద పడవలకి లైటు పెట్టారు.

ఆ తర్వాత భయంతో కట్టిన బ్రిడ్జి ఒకటుంది, 1890లో తెరిచారు, ఆ పెద్ద ఎర్ర స్టీలు కాంటిలీవర్ (స్తంభాల నుంచి చేతుల్లా చాచిన రకం) రైలు బ్రిడ్జి, 2015లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. అవసరానికి మించి స్టీలు పోశారని కొంతమంది అంటారు, అననివ్వండి, టే కూలిన పదేళ్ళకి మీరు ఉంటే మీరూ పోసేవాళ్ళు. (నవ్వులు)

రోడ్డు బ్రిడ్జికి మాత్రం ఇంకా డెబ్భై ఏళ్ళు పట్టింది. పని 1958లో మొదలైంది, 1964 సెప్టెంబర్ 4న ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. కట్టేటప్పుడు ఏడుగురు పనివాళ్ళు చనిపోయారు. మధ్య స్పాన్, అంటే రెండు టవర్ల మధ్య దూరం, 1006 మీటర్లు, అప్పటికి అమెరికా బయట దాన్ని మించిన స్పాన్ లేదు, ప్రపంచంలో నాలుగోది. మొత్తం పొడవు రెండున్నర కిలోమీటర్లు. డెక్ కింద లోతైన స్టీలు ట్రస్, అంటే త్రికోణాలుగా అల్లిన చట్రం, ఉంటుంది, అమెరికా పద్ధతి, ఎందుకంటే 1940లో అక్కడి టకోమా బ్రిడ్జి గాలికి మెలికలు తిరిగి పడిపోయిన వీడియో మీరందరూ చూసే ఉంటారు, దాని తర్వాత పాతికేళ్ళు ఎవరికీ సన్నటి డెక్ వేసే ధైర్యం లేదు. తమాషా ఏంటంటే దీన్ని డిజైన్ చేసిన కంపెనీలే రెండేళ్ళ తర్వాత 1966లో బ్రిటన్‌లోనే ఉన్న సెవెర్న్ బ్రిడ్జికి ట్రస్ తీసేసి పల్చటి బాక్స్ డెక్ వేశాయి, గాలిని కోసుకుపోయే షేపులో. అంటే ఫోర్త్ పాత తరం బ్రిడ్జిల్లో దాదాపు చివరిది అనుకోవచ్చు. ఆ ట్రస్ సంగతి మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు కేబుల్. దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి.

ఒక్కో మెయిన్ కేబుల్ 590 మిల్లీమీటర్ల మందం, దాదాపు రెండడుగులు. బయట నుంచి చూస్తే పెద్ద పైపులా కనిపిస్తుంది కానీ లోపల ఉన్నది 11,618 వైర్లు, ఒక్కోటి 5 మిల్లీమీటర్లకి ఒక పిసరు తక్కువ. రెండు కేబుళ్ళ వైరూ విప్పి వరసగా పరిస్తే 49,000 కిలోమీటర్లు దాటుతుంది, భూమి చుట్టూ ఒక రౌండ్ వేసి ఇంకా మిగులుతుంది. అంత బరువు కేబుల్‌ని ఎత్తి టవర్ మీద పెట్టే క్రేన్ ఏదీ లేదు కాబట్టి అక్కడే గాల్లోనే తయారు చేస్తారు, ఒక చక్రం వైరు పట్టుకుని ఈ ఒడ్డు నుంచి టవర్ల మీదుగా ఆ ఒడ్డుకి పోతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ పోతుంది, గాలి ఎక్కువైతే ఆపేస్తారు, ఇలా నెలల తరబడి. వైర్లన్నీ అయ్యాక జాకీలతో నొక్కి గుండ్రంగా చేసి, పైన రెడ్ లెడ్ పేస్ట్ పూసి, దాని మీద మెత్తటి గాల్వనైజ్డ్ వైరు దారంలా దగ్గర దగ్గరగా చుట్టి, పెయింట్ వేస్తారు. రెండు చివర్లూ ఒడ్డున రాయిలోకి ఏటవాలుగా తవ్విన సొరంగాల్లో కాంక్రీట్‌లో పాతుకుపోయి ఉంటాయి.

అప్పట్లో అందరి నమ్మకం ఏంటంటే, ఇంత చుట్టి ఇంత పూసాం కదా లోపలికి చుక్క నీరు పోదు, ఇంక లోపల చూడాల్సిన పనే లేదు అని. నలభై ఏళ్ళు ఎవరూ విప్పి చూడలేదు. ఇది స్కాట్లాండ్ వాళ్ళ నిర్లక్ష్యం అని నేను అనను, అప్పటి పద్ధతే అది.

ఈలోపు పైన రోడ్డు మీద లెక్క మారిపోయింది. 1964లో ఏడాదికి 40 లక్షల వాహనాలు, 2006కి 2 కోట్ల 30 లక్షలు దాటాయి. కట్టినప్పుడు పెద్ద లారీ అంటే 24 టన్నులు, ఇప్పుడు 44 టన్నులు. టవర్ల లోపల కొత్త స్టీలు కాలమ్స్ పెట్టి బలపరిచారు, హ్యాంగర్లన్నీ మార్చేశారు, ఇవన్నీ 1990ల చివర్లో, 2000 ప్రాంతంలో. మార్చగలిగినవన్నీ మార్చారు. మెయిన్ కేబుల్ ఒక్కటే మిగిలింది.

అమెరికాలో పాత బ్రిడ్జిల కేబుళ్ళు విప్పి చూస్తే లోపల తుప్పు దొరుకుతోందని వార్తలు వస్తుంటే వీళ్ళు కూడా 2004లో మనదీ చూద్దాం అని మొదలుపెట్టారు. ఎలా చూస్తారంటే, కొంత మేర ఆ చుట్టిన వైరు విప్పేసి, కేబుల్ మధ్యలోకి చీలలు (వెడ్జ్‌లు) సుత్తితో కొట్టి దింపుతారు, వైర్లు పక్కకి జరిగి గాడిలా తెరుచుకుంటుంది, అందులో లైటు వేసి ఒక్కో వరుస చూసుకుంటూ నడిమి దాకా పోతారు. బయట వరుస బాగానే ఉండొచ్చు, లోపల వేరే కథ. తడి గరిటె పెట్టిన ఆవకాయ జాడీ చూశారు కదా, పైన వాసెన గుడ్డ శుభ్రంగా బిగించి ఉంటుంది, విప్పితే లోపల బూజు, సరిగ్గా అదే. లోపల వైర్లకి ఉన్న జింక్ పూత ముందు తెల్లగా పొడి కట్టింది, అది అయిపోయిన చోట ఇనుముకి తుప్పు పట్టింది, ఆ తుప్పు పట్టిన చోట సన్నటి పగుళ్ళు, కొన్ని వైర్లు తెగిపోయి ఉన్నాయి. 2005లో లెక్క తేల్చారు, కేబుల్ బలంలో 8 నుంచి 10 శాతం పోయింది అని.

పది శాతమే కదా అనిపిస్తుంది. మిగతా తొంభై ఉందిగా అని. ప్రమాదం ఆ పదిలో లేదండీ, ఆ పది ఎంత స్పీడుగా పెరుగుతోంది అన్నదాంట్లో ఉంది. అదే స్పీడులో పోతే 2014 ప్రాంతానికి లారీలు ఆపేయాలి, 2020 ప్రాంతానికి మొత్తం మూసేయాలి అని అంచనా వేశారు. ఒక రోజులో డెబ్భై వేల బండ్లు పోయే బ్రిడ్జి గురించి ఈ మాట బహిరంగంగా చెప్పారు. ఇది నాకు నచ్చిన విషయం, రిపోర్ట్‌ని బీరువాలో పెట్టి తాళం వేయలేదు.

ఒక వైరు తెగితే ఏమవుతుంది అని మీలో ఎవరైనా అడగాలి నన్ను. వెంటనే ఏమీ కాదు. కేబుల్ పొడవునా అక్కడక్కడా గట్టి బిగింపు బ్యాండ్లు ఉంటాయి, తెగిన వైరు ఆ బిగింపుల దగ్గర రాపిడి వల్ల మళ్ళీ పక్క వైర్లతో కలిసి బరువు మోయడం మొదలుపెడుతుంది. అందుకే వేల వైర్ల కేబుల్ ఒక్కసారిగా తెగదు. దీనికి వ్యతిరేకం 1967లో అమెరికాలో కూలిన సిల్వర్ బ్రిడ్జి, అక్కడ కేబుల్ బదులు స్టీలు పట్టీల గొలుసు, ఒక్కో లింకులో రెండే పట్టీలు, ఒకదాంట్లో పగులు, అంతే, 46 మంది పోయారు.

మన దగ్గర మోర్బీ చెప్పకుండా ఎలా. గుజరాత్‌లో మచ్చు నది మీద 1879లో తెరిచిన నడక వంతెన, అవును, టే కూలిన ఏడాదే. 2022 అక్టోబర్ 26న రిపేర్ చేశాం అని తెరిచారు, 30న కూలింది, 135 మంది చనిపోయారు. విచారణ బృందం చెప్పిన మాట ఏంటంటే తెగిన ఆ కేబుల్‌లో మొత్తం 49 వైర్లు, అందులో 22 వైర్లు అప్పటికే తుప్పు పట్టి ఉన్నాయి, కూలకముందే తెగి ఉండొచ్చు అని. డెక్ మార్చారు, రంగులు వేశారు, కేబుల్ మార్చలేదు. నాకు దాని గురించి మాట్లాడితే కోపం వస్తుంది, అందుకే ఇంక ముందుకు పోతాను.

ఫోర్త్‌లో ఏం చేశారంటే మొదట కేబుల్‌కి చెవులు పెట్టారు. 2006లో కేబుల్ పొడవునా మైకుల్లాంటి సెన్సర్లు బిగించారు, లోపల ఎక్కడ వైరు తెగినా టంగుమని శబ్దం వస్తుంది, ఆ శబ్దం ఈ సెన్సర్‌కి ఎప్పుడు చేరింది, పక్క దానికి ఎప్పుడు చేరింది అన్న తేడాతో ఎక్కడ తెగిందో లెక్క కడతారు. రాత్రింబవళ్ళు వినడమే. రెండోది, కేబుల్ లోపలికి ఎండు గాలి కొట్టడం. జపాన్‌లో అకాషి కైక్యో బ్రిడ్జికి 1998లో వాడిన పద్ధతి ఇది. కేబుల్ చుట్టూ గాలి దూరని రబ్బరు లాంటి పట్టీ చుట్టి, తేమ తీసేసిన గాలిని పంపుతూ ఉంటే, లోపల తేమ 40 శాతం కంటే దిగితే తుప్పు పెరగడం దాదాపు ఆగిపోతుంది. 2009 కల్లా ఆ పని పూర్తయింది. 2012లో మళ్ళీ విప్పి చూస్తే పెద్దగా కొత్త నష్టం లేదు. పోయిన బలం తిరిగి రాదు, అది మాత్రం స్పష్టం, ఉన్నది నిలబడింది.

(ప్రేక్షకుల్లోంచి ఒకరు: కొత్త కేబుల్ వేసేయొచ్చు కదా సార్, ఎంత ఖర్చయినా?)

మంచి ప్రశ్న, వాళ్ళూ అదే అడిగారు. పాత కేబుల్ పక్కనే కొత్తది వేసి బరువు కొంచెం కొంచెంగా దానికి మార్చొచ్చా అని స్టడీ చేశారు. చేయొచ్చు. కానీ ఆ పని జరుగుతున్నంత కాలం, ఏళ్ళ తరబడి, ట్రాఫిక్‌ని ఆపుతూ వదులుతూ ఉండాలి, పైగా ఒడ్డున కొత్త కేబుల్ చివర్లని పట్టుకునే యాంకర్లు కూడా కొత్తవి కావాలి. పాత యాంకర్లు ఎలా ఉన్నాయో చూడటానికే తవ్వకం పెట్టాల్సి వచ్చింది, అవి బాగానే ఉన్నాయని తేలింది అనుకోండి. ఇంకోటి గమనించండి, ఈ లెక్కలు వేసే టైముకి ఎండు గాలి పనిచేస్తుందో లేదో ఎవరికీ గ్యారంటీ లేదు. అందుకే ప్రభుత్వం పక్కనే ఇంకో బ్రిడ్జి కట్టడానికి సిద్ధపడింది, క్వీన్స్‌ఫెర్రీ క్రాసింగ్, 2011లో మొదలు, 2017 ఆగస్టు 30న బండ్లు వదిలారు, ఖర్చు 135 కోట్ల పౌండ్లు. అది ఏ రకమో చెప్పండి? ఆఁ, కేబుల్ స్టేడ్. ఒక కేబుల్ తీసి ఇంకోటి పెట్టొచ్చు. మొదట్లో దుర్గం చెరువు ఎందుకు ఎత్తానో అర్థమైందా.

ఇప్పుడు 2015కి వద్దాం, నాకు ఈ కథలో అసలు పాఠం ఇక్కడుంది అనిపిస్తుంది, కేబుల్‌లో కాదు.

కొత్త బ్రిడ్జి సగం లేచింది. పాత బ్రిడ్జి కేబుల్ నిలకడగా ఉంది, మైకులు వింటున్నాయి, గాలి పోతోంది, అందరూ కాస్త ఊపిరి పీల్చుకున్నారు. డిసెంబర్ 1న మామూలుగా జరిగే ఇన్‌స్పెక్షన్‌లో ఉత్తర టవర్ దగ్గర తూర్పు వైపు, డెక్ కింద, ఒక స్టీలు మెంబర్ పగిలి కనిపించింది. సన్న గీత కాదు, 20 మిల్లీమీటర్లు తెరుచుకున్న పగులు. దాన్ని ట్రస్ ఎండ్ లింక్ అంటారు. ఇందాక డెక్ కింద ట్రస్ ఉంది అన్నాను కదా, అది టవర్ దగ్గరికి వచ్చేసరికి దాన్ని టవర్‌కి గట్టిగా అతికించేయలేరు, ఎండకి పొడుగవుతుంది, చలికి కురచవుతుంది, లారీ వెళ్తే ఊగుతుంది. అందుకని రెండు చివర్లా పిన్నులున్న లింకుతో పట్టుకుంటారు, పిన్ను చుట్టూ అది అటూ ఇటూ తిరగాలి. బ్రిడ్జి మొత్తానికి అలాంటివి ఎనిమిది. ఆ ఎనిమిదింట్లో ఒకదాని పిన్ను బిగుసుకుపోయింది. తిరగాల్సింది తిరగలేదు. తిరగకపోతే ఆ కదలిక ఎక్కడికి పోతుంది? వంపుగా మారి స్టీలు మీద పడుతుంది. రోజూ, ప్రతి లారీకీ, ప్రతి ఎండకీ చలికీ కొంచెం కొంచెం వంగుతూ వంగుతూ చివరికి పగిలింది. మెయిన్ కేబుల్‌లో 11,618 వైర్లకి కాపలా పెట్టినవాళ్ళు ఈ పిన్నుకి పెట్టలేదు. బిగుసుకుపోయిన పిన్ను కంటికి మామూలు పిన్నులాగే ఉంటుంది, అది ఇంకో బాధ.

రెండు మూడు రోజుల్లో నిర్ణయం తీసేసుకున్నారు, డిసెంబర్ 4 నుంచి మొత్తం క్లోజ్. క్రిస్మస్ ముందు! ఫైఫ్ జనం రైళ్ళలో కిక్కిరిసి వెళ్ళారు, అదనపు రైళ్ళు వేశారు, కార్లవాళ్ళు చుట్టూ తిరిగి కింకార్డిన్ బ్రిడ్జి మీదుగా పోయారు. చలిలో గాలిలో మంచి టైము దొరికినప్పుడల్లా కింద వేలాడుతూ పనిచేసి డిసెంబర్ 23న కార్లకి తెరిచారు, లారీలకి మాత్రం 2016 ఫిబ్రవరి 20 దాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత ఆ లింకుల పద్ధతే మార్చేసి కదలడానికి వీలున్న బేరింగులు పెట్టారు, సెన్సర్లు ఇంకా పెంచారు.

స్కాట్లాండ్ పార్లమెంటులో గొడవ మామూలుగా జరగలేదు. బడ్జెట్ తగ్గించారు, అందుకే ఇలా అయిందని ప్రతిపక్షం, లేదు లేదని ప్రభుత్వం. పార్లమెంటు కమిటీ విచారించి ఈ పగులు ముందుగా ఊహించగలిగేది కాదని తేల్చారు. నేను దీన్ని సగమే ఒప్పుకుంటాను. ఆ పగులు ఫలానా రోజు వస్తుందని ఎవరూ చెప్పలేరు, నిజమే. కానీ పిన్ను ఉన్న ప్రతి చోటా అది కదులుతోందా లేదా అని కొలవడం రాకెట్ సైన్స్ కాదు కదా, రెండు చివర్లా గీతలు గీసి ఎండాకాలం ఒకసారి చలికాలం ఒకసారి చూస్తే తెలుస్తుంది. మీలో ఎవరైనా రేపు ఆర్ అండ్ బీలోనో రైల్వేలోనో చేరితే, బేరింగ్ ఫొటో తీసి ఫైల్లో పెట్టడం కాదు, పోయినసారి ఎక్కడుంది ఇప్పుడెక్కడుంది రాయండి. మన దగ్గర ఎన్ని బ్రిడ్జిల కింద బేరింగులు మట్టిలో పిచ్చి మొక్కల్లో పూడిపోయి ఉంటాయో మీరే బైక్ ఆపి చూడండి.

ఇప్పుడు దాని పరిస్థితి అడుగుతారు. కూల్చలేదు. 2018 నుంచి ముఖ్యంగా బస్సులు, టాక్సీలు, సైకిళ్ళు, నడిచేవాళ్ళు, మిగతా దాదాపు అంతా కొత్త బ్రిడ్జి మీదే. కేబుల్ మీద భారం బాగా తగ్గింది. ఎండు గాలి ఇప్పటికీ పోతూనే ఉంటుంది. విచిత్రం ఏంటంటే 2020 ఫిబ్రవరిలో కొత్త బ్రిడ్జి కేబుళ్ళ మీద పేరుకున్న మంచు ముక్కలు కార్ల మీద పడుతున్నాయని కొత్తదాన్ని మూసేశారు! అప్పుడు పాతదాని మీద జాయింట్ల పని నడుస్తోంది కాబట్టి అది కూడా ఖాళీ లేదు, జనం మళ్ళీ కింకార్డిన్ చుట్టూ తిరిగారు. తర్వాత అవసరమైతే ట్రాఫిక్‌ని పాత బ్రిడ్జి మీదకి మళ్లించే ఏర్పాట్లు చేసుకున్నారు.

మీ పిల్లలో అన్నదమ్ములో ఎడిన్‌బరోలో చదువుతుంటే, మీరు వెళ్తే, రైల్లో డాల్మెనీ స్టేషన్‌లో దిగి నడవండి, పాత బ్రిడ్జి మీద నడిచే దారి ఉంది, ఒక పక్క 1890 రైలు బ్రిడ్జి, ఇంకో పక్క కొత్తది కనిపిస్తాయి. గాలి గట్టిగా ఉంటుంది, టోపీ పెట్టుకోకండి. లారీలు లేవు కాబట్టి ఊపు ఇప్పుడు తక్కువే, బస్సు వచ్చినప్పుడు మాత్రం కాళ్ళ కింద తెలుస్తుంది.

టీ వచ్చేసినట్టుంది. ప్రశ్నలు ఉన్నవాళ్ళు ముందుకి రండి, మైకు ఇటు ఇస్తారు.